నిన్నటి పెంటికలు

ఉసేనప్పను పనిలోంచి తీసేసిన కాగితాన్ని పొద్దున హాజరు వేళ, రేకుల షెడ్డులో, పదకొండుమంది పనివాళ్ళ ముందు చదివింది డాక్టర్ ప్రసూనే. డైరెక్టరు నిరంజనరావు చదవొచ్చు. ఆఫీసు గుమస్తా చేతికిచ్చినా సరిపోయేది. కానీ లెక్క తేల్చింది తాను కాబట్టి చదవాల్సింది కూడా తానే అనుకుందామె. అది నిజాయితీ అని కూడా అనుకుంది.

"గత నలభై రోజులుగా ప్రతిదినం ఉదయం పది గంటలకు, అనగా మేత వేయు సమయమున, కృష్ణజింకలలో భయం విపరీతంగా పెరుగుతున్నట్లు పరికరం ద్వారా రుజువైనందున..."

జమ్మిగుంట్ల జింకల కేంద్రంలో పొద్దున పదింటికి మేత వేసేది ఒక్కడే. ఇరవయ్యారేళ్ళుగా అతనే. గొంగడి భుజాన వేసుకుని చివరి వరసలో నిలబడి ఉన్న ఉసేనప్ప ఆమె చదవడం పూర్తయ్యేదాకా విన్నాడు.

"పదింటికి మేతేసేది నేనే మేడమ్. నిజమే," అన్నాడు. "ఐతే నేనేం జేస్తినని వాటిని?"

"నీకే తెలియాలి," అంది ప్రసూన.

పక్కనే నిలబడ్డ మద్దిలేటి తల దించుకున్నాడు. వయసులో చిన్నవాడు, పని నేర్చుకున్నది ఉసేనప్ప దగ్గరే. ఉసేనప్ప మాత్రం తల దించలేదు. దొడ్డి వైపు ఒకసారి చూసి, "సుక్క ఈనే యాళయింది. కొంచెం సూసుకోండి," అని ఎవరికో చెప్పినట్టు చెప్పి, గేటు దాటి వెళ్ళిపోయాడు.

ఆమెను దుర్మార్గురాలని అనుకోవద్దు. ఆ జింకల మీద ప్రసూనకున్నది నిజమైన ప్రేమే. చదువుకునే రోజుల్లో రక్తపరీక్ష కోసం ఒక లేడిని పట్టుకుంటే అది సూది దిగకముందే ఆమె చేతుల్లో గిలగిలా కొట్టుకుని గుండె ఆగి చచ్చిపోయింది. కృష్ణజింక అంతే, పట్టుకుంటే చాలు, భయంతోనే ప్రాణం వదిలేస్తుంది. భయాన్ని కొలవడానికి వెళ్ళి భయపెట్టి చంపానే అని ఆరోజు అన్నం ముట్టలేదు. చెయ్యి తగలకుండా, సూది గుచ్చకుండా వాటి భయాన్ని కొలవాలని పదిహేనేళ్ళు పాకులాడి చేసిందే ఆ పలక.

అరిటాకంత వెడల్పున బూడిదరంగు పలక. దాన్ని పైభాగం తెరిచి ఉండేలా నేలమట్టానికి పాతుతారు. దానిమీద పెంటికలు పడగానే అందులోని భయపు హార్మోను ఎంతో కొలిచి, ఏ జింకదో కెమెరాతో పోల్చి, ఫోనులో అంకె చూపిస్తుంది. మునుపు ఇదే పనికి పెంటికలేరి, ఎండబెట్టి, ప్రయోగశాలకు పంపి నెలరోజులు కాచుకోవలసి వచ్చేది. మొదటిరోజు ఫోను టింగుమని "ముప్పయ్యెనిమిది" అని చూపిస్తే పనివాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు.

"పెంటికలు గూడ మాట్లాడబట్టె," అని ఉసేనప్ప పడీపడీ నవ్వాడు.

పలకలు ఎక్కడ పాతాలో చూపించిందీ అతనే. జింకలు ఎక్కడపడితే అక్కడ పెంటికలు వెయ్యవు. వాటికి కొన్ని చోట్లు అలవాటు, రోజూ అక్కడికే వస్తాయి. ఆ దొడ్డిలో అలాంటి ఆరు గుట్టలను కాలితో తట్టి చూపించి, "ఈడ పెట్టండి మేడమ్, తప్పకుండా వస్తాయి," అన్నాడు. ఆమె అక్కడే పెట్టించింది.

ఫోను చూపించే అంకె అప్పటికప్పుడు వచ్చినా, పెంటికలో ఉన్న భయం అప్పటిది కాదు. జింక బెదిరాక ఆ బెదురు రక్తంలోంచి పేగుల్లోకి దిగి, అక్కడినుంచి బయటపడేసరికి ఇరవై గంటలు పడుతుంది. ఎండు చొప్ప తినే జింకలమీద రెండేళ్ళు కష్టపడి ప్రసూన తేల్చిన లెక్క అది. అందుకని ఫోను తనంతట తానే ఇరవై గంటలు వెనక్కి లెక్కగట్టి, ఫలానా వేళ భయపడ్డాయని చెప్తుంది. ఈ దొడ్డిలో రోజూ పొద్దున ఆరింటి పెంటికల్లో అంకె మూడింతలయ్యేది. అందులోంచి ఇరవై గంటలు తీసేస్తే ముందురోజు పొద్దున పది. మేత వేళ. చేతికర్రతో దొడ్డిలోకి వెళ్ళే ఉసేనప్ప వేళ.

ఉసేనప్ప ఆమెకొక మాట చెప్పాడు, పనిలోంచి తీసెయ్యడానికి నెలముందే. "మేడమ్, మాపటి ఆరింటికి ఇవి సెవులు ఎనక్కి యేసి ఆ మూలకు పోయి ఒగదాని మీదొగటి పడుతాండాయి. ఒగ దినం ఆరింటిదాకా ఉండి సూడండి." ప్రసూన ఐదింటికి కర్నూలు బయల్దేరుతుంది. ఇంట్లో పదేళ్ళ కూతురు ధాత్రి ఒక్కతే ఉంటుంది. భర్తది శ్రీశైలంలో ఉద్యోగం, ఆదివారాలే వస్తాడు. పైగా ఫోనులో అన్నీ కనబడుతుంటే ఉండి చూడవలసిందేముంది? సరేలే చూద్దామంది. ఆ మాట చెవిన వేసుకోలేదు.

ఉసేనప్ప వెళ్ళాక మేత పని మద్దిలేటికి ఇచ్చారు. నాలుగైదు రోజుల్లో అంకెలు తగ్గుతాయని ప్రసూన కాచుకుని కూర్చుంది. తగ్గలేదు. సరిగదా, పొద్దున ఆరింటికి పెరిగే అంకె మెల్లగా జరిగి జరిగి మధ్యాహ్నం రెండింటికి పెరగడం మొదలుపెట్టింది. కొత్త మనిషి అలవాటు కావాలి గదా అని తనకు తాను చెప్పుకుంది. అంత చదువుకున్న మనిషికి అంత చవకబారు సమాధానం ఎలా సరిపోయిందో ఆమెకే తెలియాలి.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం సుక్క ఈనింది. నుదుటిమీద తెల్లమచ్చ ఉన్న లేడి అది, ఆ పేరు ఉసేనప్ప పెట్టిందే. పిల్ల చచ్చిపుట్టింది. సుక్క దాన్ని నాకి, మూతితో నెట్టి, లేపాలని చూస్తూ సాయంత్రం దాకా అక్కణ్ణుంచి కదల్లేదు. పశువుల డాక్టరు చూసి, "తల్లిలో జబ్బేమీ లేదు మేడమ్. రోజుల తరబడి భయంతో ఉంటే ఇలా అవుతుంది. మీ యంత్రం ఏం చెప్తోంది?" అని అడిగాడు.

ప్రసూన ఫోను తీసింది. రెండింటి అంకె మూడింతలు. ఇరవై గంటలు తీసేస్తే నిన్న సాయంత్రం ఆరు. ఆరింటికి దొడ్డిలో ఎవరూ ఉండరు.

"మద్దిలేటీ, మేతలో ఏమైనా మార్చావా?"

"నేనేం మార్చలేదు మేడమ్. ఆఫీసోళ్ళు ఇచ్చే చొప్పే యేస్తాండా." కాస్త నసిగాడు. "ఉసేనప్ప మామే మునుపు మార్చినాడు. ఈ పలకలు పెట్టినకాణ్ణుంచి ఇవి చొప్ప ముట్టుకోకుంటే, మాపటాల గట్లమీద తిరిగి పచ్చిగడ్డి, అలసంద తీగలు కోసుకొచ్చి యేస్తాండె. మాకు ఎవురికీ సెప్పొద్దన్నాడు, ఆఫీసోళ్ళు తిడతారని."

పచ్చిమేత పేగుల్లో నిలవదు. గబగబా దిగిపోతుంది. చొప్పకు ఇరవై గంటలైతే పచ్చిగడ్డికి పన్నెండు. ప్రసూన వేళ్ళమీద లెక్కపెట్టుకుంది, చిన్నపిల్లలాగా. పొద్దున ఆరులోంచి ఇరవై కాదు, పన్నెండు తీసెయ్యాలి. అప్పుడూ సాయంత్రం ఆరే. మొదటినుంచీ సాయంత్రం ఆరే. వాటికి ఆకలవుతోందని పచ్చిగడ్డి కోసుకొచ్చి వేసినందుకు, ఆ గడ్డే లెక్క తప్పించి నేరాన్ని ఉసేనప్ప నెత్తిన వేసింది.

మరి ఆరింటికి ఏముంది?

ఆరోజు ఆమె ఇల్లు చేరేసరికి ఆరుకు పదినిమిషాలుంది. ధాత్రి హాల్లో బల్లమీద లెక్కలు చేసుకుంటోంది. బల్ల రెండో చివర ఏడో పలక ఉంది, పోల్చి చూడ్డానికి నాలుగు నెలలుగా ఇంట్లోనే పెట్టుకున్నది. సరిగ్గా ఆరు కొట్టగానే ధాత్రి పుస్తకం మూసేసి, రెండు చెవులూ మూసుకుని బాల్కనీలోకి పరుగెత్తింది. రోజూ చేసే పనే. రోజూ ప్రసూన తిడుతూనే ఉంది, లెక్కలంటే ఒళ్ళు బరువని. ఈసారి తిట్టలేదు.

"ఎందుకే చెవులు మూసుకుంటావ్?"

"చెప్పాను కదమ్మా! ఆ పలక కీచుమంటుంది. పళ్ళు జివ్వుమంటాయి. నువ్వే అబద్ధాలాడకన్నావ్."

పలకమీద దుమ్ము పేరుకుంటే అంకెలు తప్పుతాయి. అందుకని రోజూ ఆరింటికి అది పదినిమిషాలపాటు సన్నగా వణికి తనంతట తానే దుమ్ము దులుపుకుంటుంది. ఆ ఏర్పాటు పెట్టింది ప్రసూనే. చప్పుడు రాదు అని కాగితాల్లో రాసింది కూడా. వయసు పెరిగేకొద్దీ మనిషి చెవికి మరీ సన్నటి మోతలు అందవు. నలభై నాలుగేళ్ళ ప్రసూనకు వినబడలేదు. యాభైయెనిమిదేళ్ళ ఉసేనప్పకు వినబడలేదు, కానీ అతను చూశాడు. పదేళ్ళ పిల్లకు వినబడింది. జింక చెవి పిల్లల చెవికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. ఒక్క పలకకే పిల్ల బాల్కనీలోకి పారిపోతోంది. అక్కడ ఆరు పలకలు, చుట్టూ ఎనిమిదడుగుల కంచె.

ప్రసూన సోఫాలో కూలబడింది. చెయ్యి తగలకుండా కొలుస్తున్నానని ఊరూరా తిరిగి చెప్పుకున్న మనిషి. తల కొట్టేసినట్టయింది.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. దీని తర్వాత పదకొండు రోజులు ప్రసూన చేసినదానికి మాత్రం ఆ పేరు చెల్లదు.

అప్పటికప్పుడు ఇంట్లోనుంచే ఫోనులో వణుకుడు ఆపేసింది. ఎవరికీ చెప్పలేదు. రెండు రోజుల్లో అంకెలు దిగాయి. వారానికి ముప్పయ్యొక్క జింకల అంకెలూ చల్లబడ్డాయి. నిరంజనరావు మీటింగులో ఆ అంకెల గ్రాఫు గీతను గోడమీద పెద్దగా చూపించి, "చూశారా! ఆ ముసలాణ్ణి పంపించాక జంతువులు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రసూన నోరు తెరిచింది. చప్పట్లు ఆగేలోపే మూసేసింది. ఆ నెలాఖరున పెద్ద కమిటీ రాబోతోంది. దేశంలో ఉన్న జంతుశాలలన్నిటికీ ఈ పలకే కొనాలని దాదాపు ఖాయమైంది. కమిటీ పని కానీ, తర్వాత చెప్తాను అనుకుంది. రేపు చెప్తాను అనుకుంది. అలా అనుకుంటూనే గీత బావుందన్నవాళ్ళకు థాంక్స్ చెప్పింది.

ఇంట్లో ధాత్రి, "ఇప్పుడు మోగట్లేదేంటమ్మా? బాగు చేశావా?" అని అడిగితే, "ఊఁ," అంది.

"అయితే నేను అబద్ధం చెప్పలేదు కదా?"

"లేదు."

"మరి ఆ తాతని ఎందుకు పంపించేశారు?"

ఆ పిల్లకు ఎవరు చెప్పారో. సెలవురోజు దొడ్డికి తీసుకెళ్తే గొంగడిమీద కూర్చోబెట్టుకుని జింకల పేర్లు నేర్పినవాడు ఉసేనప్ప. ప్రసూన వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, గిన్నెలేమీ లేకపోయినా కడుగుతున్నట్టు నిలబడింది.

పదకొండో రోజు, కమిటీకి ఇవ్వాల్సిన నివేదిక సంతకానికి వచ్చింది. పద్నాలుగో పేజీలో ఉంది: "జంతువులను భయభ్రాంతులకు గురిచేసిన సంరక్షకుడు బి. ఉసేనప్పను తొలగించడంతో పరిస్థితి మెరుగుపడింది. ఇతని పేరు అన్ని కేంద్రాలకూ తెలియజేయడమైనది." అంటే ఇక ఏ దొడ్డిలోనూ, ఏ గేటు దగ్గరా అతన్ని నిలబడనివ్వరు. ప్రసూన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. కాగితం అలాగే సంచిలో పెట్టుకుని బయటికొచ్చేసింది.

ఉసేనప్ప డోన్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు దగ్గర కాపలా ఉంటున్నాడని మద్దిలేటి చెప్పాడు. ఆమె వెళ్ళేసరికి పట్టపగలే లోపల డీజే పెట్టెలు సరిచూసుకుంటున్నారు. అద్దాలు దడదడలాడుతున్నాయి. ఉసేనప్ప గేటు వదిలి, రోడ్డవతల మైలురాయి మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. లేవకపోతే బావుండుననిపించింది ప్రసూనకు.

"కూర్చోండి ఉసేనప్పా," అంది. అతన్ని మీరు అనడం అదే మొదలు.

"సుక్క ఈనిందా మేడమ్?"

దారంతా తయారుచేసుకున్న మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్నతో పోయాయి. "ఈనింది. పిల్ల దక్కలేదు."

ఉసేనప్ప గొంగడి మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టాడు. చాలాసేపు పట్టింది దానికి. ప్రసూన నిలబడే చెప్పింది. పలక వణకడం, పచ్చిగడ్డి, ఇరవై గంటలు, పన్నెండు గంటలు, ధాత్రి చెవులు. చివరికి ఆ పదకొండు రోజులు కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు అతని మొహంలోకి చూడలేక రోడ్డుమీద పోయే లారీలను చూసింది.

"మీకు సెప్తిని గదా మేడమ్, ఆరింటిదాకా ఉండి సూడండి అని."

"చెప్పారు."

"యాడన్నా రాసుకుంటిరా?"

"లేదు."

"పెంటిక సెప్పింది మాత్రం రాసుకుంటిరి." కోపంగా అనలేదు. లోపల ఇంకోసారి డీజే దడదడలాడింది. అతను చెయ్యి అటు చూపించాడు. "ఈడ మోత నాకు పడదు. అందుకే ఇంత దూరమొచ్చి కూసుంటాండా. వాటికి పోదామంటే తావు యాడుంది మేడమ్?"

ప్రసూన ఏడ్చింది. అతను ఓదార్చలేదు. ఓదారుస్తాడేమోనని లోలోపల ఎక్కడో ఆశపడ్డందుకు ఆమెకు మరింత సిగ్గేసింది.

"మళ్ళీ పనిలోకి రండి. కాగితం నేనే ఇప్పిస్తాను."

"కాగితం ఆఫీసులోనే పెట్టుకోండి. ఆ దినం షెడ్డుకాడ సదివినారు గదా, అట్లనే సదవల్ల. అందరూ ఉండల్ల. మా మద్దిలేటిగాడు ఉండల్ల."

"ఏమని చదవమంటారు?"

"జరిగింది సదవండి."

నిరంజనరావు మొదట నమ్మలేదు, తర్వాత కేకలేశాడు, ఆ తర్వాత బతిమాలాడు. "వణుకుడు ఆపేశారు గదా! ఇప్పుడంతా బాగానే ఉంది గదా! ఆ ముసలాయనకు ఇంకెక్కడైనా పని చూపిద్దాం. నోటి దగ్గరి కూడు కాలదన్నుకుంటారా?" ప్రసూన అప్పటికే నిజం రాసి కమిటీకి పంపేసింది. వారం తిరక్కుండా పలకల కొనుగోలు ఆగిపోయిందని జవాబొచ్చింది. పదిహేనేళ్ళ పని. బాధగానే ఉంది, కానీ ఆ బాధతో రాత్రి నిద్రపట్టింది. ఆ పదకొండు రోజులూ పట్టలేదు.

సోమవారం పొద్దున హాజరు వేళ ఆమె రేకుల షెడ్డులో నిలబడింది. ఉసేనప్ప లోపలికి రాలేదు. గేటు దగ్గరే, గొంగడి భుజాన వేసుకుని నిలబడ్డాడు. ప్రసూన చేతిలోని కాగితాన్ని మడిచి పెట్టేసి, చూడకుండానే చెప్పింది.

"జింకలు భయపడింది ఉసేనప్పకు కాదు. నా పలకకు. ఉసేనప్ప ముందే చెప్పారు, నేను వినలేదు. నిజం తెలిశాక కూడా పదకొండు రోజులు దాచిపెట్టాను. సుక్క పిల్ల చచ్చిపోవడానికి కారణం నేను. ఆరోజు ఇక్కడ నేను చదివినదంతా తప్పు."

మద్దిలేటి తలెత్తి గేటు వైపు చూశాడు. ఉసేనప్ప దొడ్డి తలుపు దగ్గరకు నడిచాడు. లోపలికి వెళ్ళేముందు ఎప్పటిలాగే మూడుసార్లు దగ్గాడు. వస్తున్నానని వాటికి చెప్పడం అది. జింకలు తలెత్తాయి, చెవులు ముందుకు పెట్టాయి. పిల్ల పోయినప్పటినుంచి మూలన విడిగా ఉంటున్న సుక్క నాలుగడుగులు వేసి వచ్చి గొంగడి వాసన చూసింది.

పలకలు తానే స్వయంగా తవ్వి తియ్యాలని ప్రసూన గునపం తెచ్చుకుంది. తలుపు దాటి ఒక్కడుగు వేసిందో లేదో మంద మొత్తం ఎగిరి పక్కకు దూకింది.

"మేడమ్, ఆడనే నిలబడండి," అన్నాడు ఉసేనప్ప, వెనక్కి తిరక్కుండానే.

ఆమె వెనక్కొచ్చి కంచె అవతల నిలబడింది. అతను ఒక్కో పలకే తవ్వి, మట్టి దులిపి, తలుపు సందులోంచి అందించాడు. ఆమె అందుకుని ఒకదానిమీద ఒకటి పేర్చింది. ఆరో పలకమీద పెంటికలింకా వెచ్చగా ఉన్నాయి. అలవాటు చొప్పున ఫోను తీసి చూసింది. అంకె ఉంది. అది నిన్నటిది. ఇప్పుడు తాను దొడ్డిలో అడుగుపెట్టినప్పుడు అవి ఎంత బెదిరాయో రేపటి పెంటికల్లో తేలుతుంది. రేపటికి ఇక్కడ పలక ఉండదు. తెలుసుకోవాలంటే దారి ఒక్కటే.

"ఎలా ఉన్నాయి ఉసేనప్పా?" అని అడిగింది కంచె పట్టుకుని.

అతను మూలన చేరిన మందను కాసేపు చూశాడు. చేతులకంటిన మట్టి పంచెకు తుడుచుకున్నాడు.

"మాపటికి ఆరింటిదాకా ఉండండి మేడమ్," అన్నాడు. "అప్పుడు సెప్తా."

ప్రసూన ఇంటికి ఫోను చేసి, ఈరోజు ఆలస్యమవుతుందని ధాత్రికి చెప్పింది.